డ్యామ్ దగ్గర పడవెక్కే ముందు: తిరుపతి నుంచి బయల్దేరే కుటుంబాలకు

పిల్లాడి చెప్పుల జత బండ మీద పక్కపక్కనే ఉంది. మా అక్క కొడుకు వాటిని అక్కడ విడిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. నేను ఒడ్డున కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతున్నాను. తలెత్తి చూస్తే ఒక చెప్పు కొంచెం కదిలింది. గాలికేమో అనుకున్నా. ఇంకో రెండు పొట్లాలు విప్పి మళ్లీ చూసేసరికి బండే లేదు. చెప్పులు రెండూ తేలుతూ పోతున్నాయి. రోడ్డు మీద నుంచి మా టెంపో డ్రైవరు, చంద్రగిరి అబ్బాయి, గొంతు చించుకుని అరిచాడు: "అన్నా, బిరీన పైకి రాండి, నీళ్లొదిలినారు!"

పిల్లాడి రెక్క పట్టుకుని పైకి లాక్కొచ్చేసరికి నీళ్లు నా నడుం దాకా వచ్చేశాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. సైరన్ మోగిందో లేదో తెలియదు, మాకైతే వినపడలేదు. అది ఏ డ్యామ్ కింద జరిగిందో ఇక్కడ రాయను. ఏ జలవిద్యుత్ కేంద్రం కిందైనా జరగగలిగినదే.

మన వైపు వంక పొంగాలంటే ముందు కొండ మీద మబ్బు పట్టాలి, వాన కురవాలి, తర్వాత ఎర్రనీళ్లు రావాలి. చిన్నప్పటి నుంచి మన కళ్లు ఆ ఆనవాళ్లకే అలవాటు పడ్డాయి. కరెంటు తీసే డ్యామ్ కింద అవేవీ ఉండవు. ఎక్కడో నగరంలో సాయంత్రం ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా తిరిగితే కరెంటు వాడకం పెరుగుతుంది. ఏ కేంద్రం ఎప్పుడు కరెంటు తీయాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి కబురొస్తుంది, నీళ్లు వదిలి టర్బైన్ (కరెంటు పుట్టించే చక్రం) తిప్పుతారు, ఆ నీళ్లు డ్యామ్ కిందికి వస్తాయి. బొగ్గు కేంద్రాన్ని వేడెక్కించి నడపడానికి గంటలు పడుతుంది, నీటి టర్బైన్‌కు కొద్ది నిమిషాలు చాలు. అందుకే వాడకం పెరిగే పొద్దున, సాయంత్రం వేళల్లో దాన్నే ఎక్కువగా నడుపుతారు. అంటే అక్కడ నీటి రాకపోకలు వానను బట్టి కాదు, కరెంటు అవసరాన్ని బట్టి ఉంటాయి. నీళ్లను చూసి అంచనా వేయడం మానేసి, అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టండి. కింద చెప్పేవన్నీ దీన్నించి వచ్చినవే.

ఇంట్లో ఉండగానే

ముందు మీరు వెళ్లే డ్యామ్‌కు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూసుకోండి. మనకు రెండు క్యాలెండర్లున్నాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్‌లకు నీళ్లు కృష్ణమ్మవి. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడిన వాన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటుకుని వస్తుంది. అక్కడ వరద జోరు మామూలుగా జులై నుంచి అక్టోబరు దాకా. మన దగ్గరి పిచ్చాటూరు ఆరణియార్, చంద్రగిరి వైపు కల్యాణి డ్యామ్, అటు నెల్లూరు జిల్లా సోమశిల, కండలేరు ఇంకో లెక్క. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం వాయుగుండాలు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే వీటికి ప్రమాదకాలం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారిన రోజులు మరిచిపోయి ఉండరు. అదే వాయుగుండానికి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. కార్తీక మాసంలో శ్రీశైలం వెళ్లేవాళ్లకు అక్కడ నీళ్లు శాంతించి ఉండవచ్చు. ఆ వారమే ఇంటి దగ్గర సోమశిలకో ఆరణియార్‌కో పిక్నిక్ అంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

తర్వాత నీటిమట్టం. శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. వరద రోజుల్లో పేపర్లలో, టీవీ కింద స్క్రోలింగులో మట్టం, ఇన్‌ఫ్లో (వచ్చే నీళ్లు), ఔట్‌ఫ్లో (పోయే నీళ్లు) రోజూ వస్తాయి. మట్టం నిండుకు దగ్గరగా ఉండి, ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కుల్లో ఉంటే గేట్లు ఎప్పుడైనా ఎత్తుతారు. ఆ వారం పడవ మాట ఎత్తకండి. దేవుణ్ణి చూడండి, వ్యూ పాయింట్ నుంచి గేట్లు చూడండి, వచ్చేయండి.

క్యూసెక్కు అంటే ఎంతో మనసుకు పట్టాలంటే ఇలా చూడండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు, మన వాటర్ క్యాన్ ఒకటిన్నర. శ్రీశైలం ఎడమ గట్టున కొండ లోపల ఉన్న విద్యుత్ కేంద్రంలో ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అవన్నీ నడిస్తే కిందికి పోయే నీళ్లు సుమారు 35 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు దాదాపు పది లక్షల లీటర్లు. ఎండాకాలం మన వీధికొచ్చే నీళ్ల ట్యాంకరు పదివేల లీటర్లది అనుకుంటే, ప్రతి సెకనుకూ వంద ట్యాంకర్లు ఒకేసారి కుమ్మరించినట్టు. ఇది గేట్లు ఎత్తకుండానే. గేట్లు మూసి ఉన్నాయి కాబట్టి కింద భయం లేదు అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. కుడి గట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఇంకో ఏడు ఉన్నాయి.

నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలంలోనూ జాగ్రత్త కావాలి. మునిగి ఉన్న మొద్దులు, రాళ్లు పైకి తేలీ తేలక పడవ అడుగుకు తగులుతాయి. ఒడ్డున ఎండినట్టు కనిపించే ఒండ్రు మీద కాలు పెడితే తొడ దాకా దిగబడుతుంది. పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వకండి.

మీరున్నది డ్యామ్‌కు పైనా, కిందా?

చాలామందికి ఈ తేడా తెలియదు. శ్రీశైలంలో పాతాళగంగ డ్యామ్‌కు పైవైపు, అంటే జలాశయంలో ఉంది. రోప్‌వే దిగి మీరు పడవెక్కేది, అక్కమహాదేవి గుహలకు వెళ్లేది ఆ నీళ్ల మీదే. నాగార్జునకొండకు లాంచీ వెళ్లేది కూడా సాగర్ జలాశయం మీదుగానే. డ్యామ్ దాటాక కిందున్న బండలు, మడుగులు, ఇసుక దిబ్బలది వేరే లోకం. పైన పడవ ప్రమాదం, కింద మనిషి నిలబడటమే ప్రమాదం.

పైవైపు నీళ్లు పెద్ద చెరువులా నిమ్మళంగా కనిపిస్తాయి. చెరువు తూము తెరిచినప్పుడు దాని దగ్గర ఈత కొడితే మన తాతలు బెత్తం పుచ్చుకునేవాళ్లు. పైన నీళ్లు కదలవు, అడుగున మాత్రం లాగుతుంటుంది. కాలో చెయ్యో తూములోకి పోయిందంటే నలుగురు పట్టినా రాదు. జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు తీసుకునే చోటు కూడా తూమే, కాకపోతే లారీ పట్టేంతటిది. చెత్త పోకుండా దానికి ఇనుప కమ్మీల జాలీ అడ్డం పెడతారు. నీటి ఒత్తిడికి మనిషి ఆ జాలీకి అతుక్కుపోతే టర్బైన్ ఆపితే తప్ప ఊడిరాడు. ఆపేలోపు ఊపిరి నిలవదు.

అందుకే డ్యామ్ ముందర తాళ్లకు కట్టిన రంగు బోయలు వరసగా తేలుతుంటే దాన్ని గోడ అనుకోండి. బోయలు లేని చోట డ్యామ్ గోడకూ గేట్లకూ దూరంగా ఉండమని పడవ నడిపే సరంగుకు ముందే చెప్పండి. "దగ్గరికి తీసుకెళ్తే ఇంకో వంద ఇస్తాం" అనేవాళ్లు మన గుంపులోనే ఉంటారు. వాళ్లను అక్కడే ఆపండి.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో కృష్ణకు వరద పోటెత్తిన రోజు, కట్లు తెగిన పెద్ద పడవలు మనిషి లేకుండానే కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) గుద్ది దెబ్బతీశాయి. ఇంజన్ ఆగిన పడవకు ప్రవాహం చూపించే దారి గేట్లవైపే.

పడవెక్కేటప్పుడు

టికెట్ ఇచ్చే బోటు ఎక్కండి. రేవు పక్కన "మేం తక్కువకు తిప్పుతాం" అని పిలిచే పుట్టి, నాటు పడవ వద్దు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజన్ పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చో పడవ మీద రాసి ఉండాలి. ఆ అంకె చదివి తలలు లెక్కపెట్టండి. ఒడిలోని పిల్లలు కూడా తలలే. ఎక్కువైతే దిగిపోండి. డబ్బులు తిరిగి ఇవ్వకపోయినా సరే.

2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు నదిలో వరద నీరుంది. పాపికొండలు చూద్దామని సంతోషంగా ఎక్కినవాళ్లే అందరూ. ఆ తర్వాత నేను రేవు దగ్గర మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. లంగరు ఉందా? ఇంజన్ ఆగితే వాడటానికి తెడ్లో గడలో ఉన్నాయా? ఒడ్డుకు కబురు చెప్పడానికి ఫోన్ సిగ్నల్ అందుతుందా, లేక వాకీటాకీ ఉందా? సరంగు విసుక్కున్నా అడగండి. మంచి సరంగు విసుక్కోడు, లంగరు తాడు చేత్తో ఎత్తి చూపిస్తాడు.

ఇక లైఫ్ జాకెట్. దీని దగ్గరే అందరం తొందరపడతాం, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. కుప్పలోంచి పైది తీసుకోకండి. ముందు చేత్తో నొక్కండి. లోపలి ఫోమ్ వెంటనే పైకి లేవాలి. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోతే అది దిండుకు తప్ప దేనికీ పనికిరాదు. తడిసి బరువుగా ఉన్నదీ వద్దు. బకిల్స్ మూడూ పెట్టి లాగి చూడండి. ఒకటి విరిగి ఉంటే "తాడు కట్టుకోండి సార్" అంటారు. వద్దని చెప్పి ఇంకోటి అడగండి.

వేసుకున్నాక పరీక్ష ఒకటుంది. మీ పిల్లల జాకెట్ భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తండి. జాకెట్‌తో పాటు పిల్లాడూ లేవాలి. జాకెట్ ఒక్కటే చెవుల దాకా వచ్చేస్తే, నీళ్లలో కూడా అలాగే ఊడి పైకి పోతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నదే వేయండి. లేకపోతే ఆ పిల్లాడు ఆ రోజు పడవెక్కడు, అంతే. చీర కట్టిన ఆడవాళ్లు పైటకొంగు బొడ్లో దోపి, దాని మీద జాకెట్ వేసి బిగించాలి. కొంగు బయట వేలాడితే ఇంజన్‌కో సీటు మేకుకో చిక్కుకుంటుంది. మా పెద్దమ్మ ప్రతిసారీ "ఉక్కపోతరా నాయనా" అంటుంది. ప్రతిసారీ ఆమె పక్కనే కూర్చుని, దిగేదాకా విప్పనివ్వను. నడినీళ్లలో భోజనాలకని, ఫోటోలకని జాకెట్లు విప్పడం పెద్ద తప్పు. మునిగే పడవలో జాకెట్ వేసుకునే టైము ఉండదు.

పడవ నడుస్తుండగా అందరూ ఒకే పక్కకు పోకూడదు. మొసలి కనిపించిందనో, కొండ మీద కోతి కనిపించిందనో ఎవరో ఒకరు అరుస్తారు, పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. కూర్చున్న చోటే తల తిప్పి చూడండి. గాలి లేచి అలలు తెల్లబడితే వెనక్కి తిప్పమనండి. నాలుగు గంటలు దాటాక కొత్తగా బయల్దేరకండి.

ఇంజన్ ఆగిపోతే సరంగు చేయాల్సిన మొదటి పని లంగరు వేయడం, రిపేరు దాని తర్వాతే. ఆయన వంగి ఇంజన్‌తో కుస్తీ పడుతుంటే "అన్నా, ముందు లంగరెయ్" అని గట్టిగా చెప్పండి.

డ్యామ్ కింద

2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌ప్రదేశ్‌లో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నది బండల మీద ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు, వాళ్లతో వెళ్లిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఆ వీడియో తెలుగు ఇళ్లన్నీ చూశాయి. నది నడుమ బండ మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లలకు ఒడ్డు ఎంత దగ్గరో చూశారు కదా. నీళ్లు పెరిగేటప్పుడు ముందు మునిగేది మీరు నిలబడ్డ బండ కాదు, దానికీ ఒడ్డుకూ మధ్యనున్న పల్లం. కాళ్లు తడవకముందే దారి తెగిపోతుంది.

కాబట్టి డ్యామ్ కింద ఏటిలోకి దిగకపోవడమే మంచిది. ఒడ్డుకు దగ్గరగా వెళ్లాల్సి వస్తే ఇవి చేయండి. దిగేముందు ఒడ్డున బండల రంగు చూడండి. నల్లగానో పాచిపట్టో ఉన్న గీత ఎక్కడిదాకా ఉందో, నీళ్లు అక్కడిదాకా వచ్చిపోతుంటాయని అర్థం. మీ దుప్పటి, మీ పొయ్యి, మీ పిల్లలు ఆ గీతకు పైన ఉండాలి. నీటి అంచున ఒక రాయి గుర్తుపెట్టుకుని, తరచూ చూసే పని ఒకరికి అప్పగించండి. చెప్పులు, పుల్లలు, పేపరు ప్లేట్లు కొట్టుకొస్తున్నా, తేటనీళ్లు బురదగా మారినా, హోరు పెరిగినా పైకి వచ్చేయండి. సామాన్లు వదిలేయండి. ఫోన్ ఛార్జరు కోసం వెనక్కి వెళ్లిన మనిషిని నేను చూశాను. ఆయన బతికాడు, కానీ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సైరన్ మోగితే అదే ఆఖరి పిలుపు. పంటకోసమో గుడి కోసమో మోగుతోందని అనుకోకండి. సైరన్ లేకపోయినా, పాడై ఉన్నా నీళ్లు రావచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి గేటే కొట్టుకుపోయింది. ముందస్తు హెచ్చరిక ఎవరిస్తారు దానికి? కింద ఇసుకలో టెంట్ వేసుకుని పడుకోవడం, కార్తీక స్నానానికి తెల్లారుజామున చీకట్లో గట్టు తెలియని చోట దిగడం అందుకే వద్దు. పుష్కర ఘాట్, మెట్లు, గొలుసులు ఉన్న చోటే మునగండి.

మన చిన్న డ్యాములు, చెరువుల సంగతి

ఆరణియార్, కల్యాణి కరెంటు తీసే డ్యాములు కావు. కల్యాణి తిరుపతికి తాగునీరిచ్చేది. అయినా గేట్లున్న చోట నియమం అదే. వాయుగుండం రోజున ఆరణియార్ గేట్లు ఎత్తితే కింద కాజ్‌వేల మీద నీళ్లు పారతాయి, బైకులు దాటించే సాహసం చేయకండి.

చెరువు నిండి మొరవ (అలుగు) పోతుంటే చూడ్డానికి ఊరంతా వస్తాం. మొరవ మీద నుంచి దూకిన నీళ్లు కింద గిర్రున తిరిగి మళ్లీ గోడవైపే వస్తాయి. అందులో పడ్డవాణ్ణి ముందుకు పోనివ్వవు, అక్కడే తిప్పి తిప్పి ముంచుతాయి. పైగా ఆ నురగలో సగం గాలి కాబట్టి మనిషి తేలడు, ఈత వచ్చినా చేతికి పట్టు దొరకదు. ఎత్తు నాలుగడుగులే కదా అని మొరవ కింద పిల్లల్ని తడవనివ్వడం నాకు అసలు నచ్చదు. థర్మకోల్ తెప్పల మీద, లారీ ట్యూబుల మీద చేపలకు పోయే అన్నలకూ ఇదే మనవి: గేట్లు ఎత్తే రోజు తెప్ప వేయకండి. మిగిలిన రోజుల్లో కూడా గేట్లు చూసుకునే లస్కరును ఒక మాట అడిగి వేయండి.

ఎవరైనా పడిపోతే

మీరే పడితే, పారే నీళ్లలో నిలబడాలని చూడకండి. కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మీ మీద నుంచి పోతుంది. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకు పెట్టి, చేతులతో ఏటవాలుగా ఒడ్డువైపు జరగండి. జలాశయంలో పడవ బోల్తా పడితే దాన్నే పట్టుకుని ఉండండి. అది గేట్లవైపు కొట్టుకుపోతుంటే మాత్రం వదిలేసి పక్కకు ఈదండి.

ఒడ్డున ఉన్నవాళ్లు దూకొద్దు. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన వార్తలు మన పేపర్లలో ఏటా చదువుతాం. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. రెండు చీరలు ముడేస్తే మంచి తాడు. ఖాళీ ఇరవై లీటర్ల క్యాన్‌కు మూత బిగించి దానికి కట్టి విసరండి, అది తేలుతుంది, పట్టుకోవడానికి వీలుంటుంది. లాగేటప్పుడు నేల మీద కూర్చుని, కాళ్లు రాయికి తన్ని లాగండి.

బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకోవడం, కుండ మీద బోర్లా వేసి తిప్పడం చేయకండి. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఉందో లేదో చూడండి. లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లోకి గాలి ఊదండి. తర్వాత ఛాతీ నడుమ గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 నొక్కులకు 2 ఊపిర్లు, 108 అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. ఊపిరి తిరిగొచ్చి బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లో చేరిన నీళ్లు గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

ఈలోపు ఇంకొకరు 112కు ఫోన్ చేయాలి. "శ్రీశైలంలో మునిగారు" అంటే సరిపోదు. డ్యామ్ పేరు, మీరు దానికి పైన ఉన్నారా కింద ఉన్నారా, ఏ గట్టున, దగ్గర్లో రేవో గుడో వంతెనో ఏముంది, ఎంతమంది నీళ్లలో ఉన్నారు అనే వరసలో చెప్పండి. కింద ఎవరైనా బండ మీద చిక్కుకుని ఉంటే "విద్యుత్ కేంద్రం నీళ్లు ఆపమనండి" అని ఆ మాటే విడిగా, స్పష్టంగా అడగండి. బయల్దేరే ముందే ఆ డ్యామ్ దగ్గరి పోలీస్ స్టేషన్ నంబరు సంపాదించి టెంపో అద్దానికి అంటించి పెట్టుకోండి. మా చంద్రగిరి అబ్బాయి ఇప్పుడు ప్రతి ట్రిప్పుకూ అదే చేస్తున్నాడు. స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, వినాయకుడి బొమ్మ పక్కనే అంటిస్తాడు.